టైరు మీది పచ్చబొట్టు

అమెరికాలో అమ్మే సైకిళ్లకు అక్కడి వినియోగ వస్తువుల భద్రతా సంఘం కొన్ని నిబంధనలు పెట్టింది. టైరు పక్కభాగం మీద వెలుగు పడితే మెరిసే పట్టీ గురించి వాటిలో ఒక చోట ఉంది. అలాంటి పట్టీ ఉన్న టైరును 50 డిగ్రీల సెల్సియస్ వేడిలో అరగంట ఉంచాలి. ఆ తర్వాత పట్టీని ఒలిచినా గీకినా అదొక్కటే ఊడి రాకూడదు. వస్తే టైరు రబ్బరును కూడా వెంటబెట్టుకునే రావాలి. తడిపిన ఉక్కుతీగల బ్రష్షుతో అరగదీసినా అంతే. పట్టీ పోవాలంటే దానితోపాటు రబ్బరూ పోవాలి.

టైరు మీది గీతను ఊడబెరకాలని చూసేవాళ్లు మొదట తెలుసుకోవాల్సిన సంగతి ఇదే. ఊడకూడదనే దాన్ని తయారుచేశారు. అయినా ఊడదీయాలనుకునేవాళ్లకు కొదవ లేదు. తాతగారి కాలంనాటి రోడ్‌స్టర్ సైకిలును మళ్లీ కళకళలాడేలా చేసుకున్నవాళ్లకు కొత్త టైరు మీది పెద్దపెద్ద తెల్లక్షరాలు కంట్లో నలుసులా ఉంటాయి. ఫ్రేముకు మెరుపు లేని నల్లరంగు వేయించిన కుర్రాడికి చక్రం చుట్టూ బూడిదరంగు గీత నచ్చదు. డబ్బిచ్చి కొన్న వస్తువు మీద కంపెనీ ప్రకటన ఎందుకు మోయాలని అడిగేవాళ్లూ ఉన్నారు. ఇవన్నీ న్యాయమైన కోరికలే. చిక్కల్లా అక్షరం టైరు పైన అంటుకుని ఉందనుకోవడంలో వస్తుంది. నుదుటి మీది బొట్టుబిళ్లను గోటితో తీసేయొచ్చు, చేతిమీది పచ్చబొట్టును తీయాలంటే చర్మం జోలికి వెళ్లాలి. టైర్ల మీద ఈ రెండు రకాలూ ఉన్నాయి. ఏది ఏదో తెలియాలంటే టైరు పుట్టుకలోకి కాస్త వెళ్లాలి.

సైకిలు టైరు అంటే నల్లటి రబ్బరు గొట్టమని పైకి అనిపిస్తుంది గానీ బరువు మోసేది రబ్బరు కాదు. రిమ్ములో కూర్చునే రెండు అంచుల్లో తీగలుంటాయి. ఆ అంచు నుంచి ఈ అంచుకు ఏటవాలుగా, ఒకదానికొకటి అడ్డంగా, నైలాన్ పోగులు పొరలు పొరలుగా పరుచుకుని ఉంటాయి. ఆ పోగులకు రబ్బరు పూత. నేలకు తగిలే చోట మందమైన రబ్బరు పట్టా. పక్కభాగంలో మాత్రం పోగుల పైన ఉండేది పలుచటి రబ్బరు పొరే. మంచి రోడ్డు టైర్లలో ఆ పొర మందం మిల్లీమీటరులో చిన్న భాగం. మన కథ మొత్తం ఆ కొంచెం మందంలోనే నడుస్తుంది.

ఈ ముక్కలన్నీ కలిపి చుట్టిన పచ్చి టైరును ఉక్కు అచ్చులో పెట్టి, లోపలి నుంచి గాలి ఒత్తిడితో అచ్చు గోడకు అదిమి, 150 నుంచి 170 డిగ్రీల వేడిలో కొన్ని నిమిషాలు ఉడికిస్తారు. పచ్చి రబ్బరు జిగటగా, మెత్తగా ఉంటుంది. లాగితే సాగుతుంది గానీ పూర్తిగా వెనక్కి రాదు. దానిలో కలిపిన గంధకం ఈ వేడిలో రబ్బరు పొడుగాటి అణువుల మధ్య వంతెనలు కడుతుంది. విడివిడిగా జారిపోగల అణువులన్నీ ఒకే వలగా ముడిపడతాయి. ఇదే వల్కనైజేషన్. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ దీన్ని కనుగొన్నాడు, 1844లో అమెరికాలో పేటెంటు పొందాడు. ఒకసారి ఇలా ఉడికిన రబ్బరు మళ్లీ కరగదు, ఏ ద్రవంలోనూ విడిపోదు. ఉబ్బుతుంది, చిరుగుతుంది, కాలుతుంది, అంతే.

అక్షరాలు టైరుకు మూడు విధాలుగా ఎక్కుతాయి.

అచ్చు గోడ మీదే చెక్కిన అక్షరాలు మొదటి రకం. గోడలో గుంట ఉన్న చోట టైరు మీద మిట్ట వస్తుంది. వీటికి వేరే రంగుండదు, నలుపు మీద నలుపే. మన ఊళ్లలో తిరిగే నల్లటి పెద్ద సైకిలు టైరును కాస్త వంచి వెలుతురులో చూస్తే 28 × 1½ అనీ, దాని పక్కన 40-635 అనీ కనిపించేవి ఇవే.

రెండో రకం లేబుల్. తెల్లటి లేదా రంగు రబ్బరు సిరాతో, దానిలోనూ గంధకం వగైరా కలిపి, పలుచటి ప్లాస్టిక్ పొర మీద అచ్చువేసి, పచ్చి టైరు పక్కభాగం మీద పెట్టి ఉడికిస్తారు. వేడికి లేబుల్‌లోని రబ్బరుకూ టైరు రబ్బరుకూ మధ్య కూడా గంధకపు వంతెనలు పడతాయి. ప్లాస్టిక్ పొరను లాగేస్తే అక్షరం మిగులుతుంది. సరిహద్దు కంటికి కనిపిస్తుంది, అణువులకు మాత్రం సరిహద్దు లేదు. అసలైన పచ్చబొట్టు ఇదే. మెరిసే పట్టీల్లో చాలా భాగం ఈ కోవలోకే వస్తాయి.

ఉడికి చల్లారిన టైరు మీద తర్వాత వేడి ముద్రతోనో మామూలు సిరాతోనో వేసిన అక్షరాలు మూడో రకం. ఇవి పైపైన పట్టుకుని ఉంటాయి. గట్టిగా పట్టుకోవచ్చు, కానీ పట్టుకోవడం వేరు, కలిసిపోవడం వేరు.

ఏ రకమో తేల్చుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. వేలి కొసతో అక్షరం మీదుగా నిదానంగా రాయండి. మిట్ట తగిలి, రంగు లేకపోతే అచ్చు అక్షరం. రంగుండి, అంచు దగ్గర గోరు తట్టుకుంటే పైన పొర ఉన్నట్టు. టైరును అక్కడ బొటనవేళ్లతో వంచి చూడండి. అక్షరంలో సన్నటి పగుళ్లు తెరుచుకుంటే అది రబ్బరుతో సమానంగా సాగని సిరా, మూడో రకం అయ్యే అవకాశం ఎక్కువ. అక్షరం కూడా రబ్బరుతో కలిసి సాగి మళ్లీ మామూలైతే రెండోది. చివరగా చేతులు శుభ్రం చేసుకునే స్పిరిట్లో, అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో ఒక అక్షరం మూలను రుద్ది దూదిని చూడండి. దూదికి అక్షరం రంగు అంటితే అదృష్టం బాగున్నట్టే. నల్లగా మాత్రమే అంటితే అది టైరు మీది దుమ్ము, మసి.

మసి అన్నాను కాబట్టి టైరు నలుపు గురించి కొంత చెప్పాలి. రబ్బరు పాలు తెల్లగా ఉంటాయి. తొలినాటి టైర్లు కూడా పాలిపోయిన రంగువే. 1898లో పోస్టరుకెక్కిన మిషెలిన్ కంపెనీ టైర్ల మనిషి తెల్లగా ఉండటానికి కారణం అదే, అప్పటి టైర్లు ఆ రంగువి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కార్బన్ బ్లాక్ అనే అతి సన్నటి మసిని కలిపితే రబ్బరు అరుగుదలను ఎన్నో రెట్లు ఎక్కువగా తట్టుకుంటుందని తెలిసింది. ఈ మసి రేణువుల కొలత నానోమీటర్లలో, పదుల్లో ఉంటుంది. బండి టైరు రబ్బరులో నూరు పాళ్లకు దాదాపు యాభై పాళ్లు ఈ మసే కలుస్తుంది. బలం ఇవ్వడంతోపాటు ఎండలోని అతినీలలోహిత కిరణాలను తానే మింగేసి రబ్బరును కాపాడుతుంది. తెల్ల అక్షరంలో మసి ఉండదు, టైటానియం డయాక్సైడ్ అనే తెల్లపొడి ఉంటుంది. పాత టైర్ల మీద చుట్టూ ఉన్న నలుపు బాగానే ఉండి తెల్లక్షరాలు మాత్రం ముందు బీటలు వారడం మీరు చూసే ఉంటారు.

ఇక ద్రావణుల సంగతి. సిరాను కరిగించాలి, రబ్బరును ముట్టుకోకూడదు. దీనికి ఏ సీసా తీయాలి?

సైకిలు షాపులో అందుబాటులో ఉండేది పెట్రోలు, కిరసనాయిలు. గ్రీజు వదిలించడానికి అవి బాగా పనికొస్తాయి. రబ్బరుకు మాత్రం ఇవి చెడ్డ చుట్టాలు. రబ్బరు అణువు కార్బన్, హైడ్రోజన్‌లతో కట్టినది. పెట్రోలూ అంతే. ఒకే జాతివి గనుక పెట్రోలు అణువులు రబ్బరు వలలోకి హాయిగా దూరిపోతాయి. వల విడిపోదు గాబట్టి రబ్బరు కరగదు, ఉబ్బుతుంది. టోలుయిన్, జైలీన్ లాంటి తిన్నర్లు మరీ ఘోరం. చిన్న రబ్బరు ముక్కను టోలుయిన్‌లో ఒక రోజు ఉంచితే దాని పరిమాణం రెట్టింపు దాటుతుంది. ఉబ్బిన రబ్బరుకు బలం ఉండదు, గోటితో చీల్చొచ్చు. ఆరాక మళ్లీ దగ్గరపడుతుంది గానీ లోపలున్న కొన్ని రక్షక రసాయనాలు ద్రవంతోపాటు బయటికి వచ్చేస్తాయి.

అసిటోన్ వేరే జాతిది. గోళ్ల రంగు తుడిచే ద్రవాల్లో చాలావాటిలో ఉండేది ఇదే. దాని అణువులో ఆక్సిజన్ ఒక పక్కకు విద్యుదావేశాన్ని లాక్కుని ఉంటుంది కాబట్టి రబ్బరుతో పెద్దగా కలవదు. సహజ రబ్బరు అసిటోన్‌లో చాలా కొద్దిగానే ఉబ్బుతుంది. అదే సమయంలో ఎన్నో రకాల అచ్చు సిరాలను ఇట్టే కరిగిస్తుంది. మూడో రకం అక్షరాలకు ఇది పనికొచ్చే మందు.

అలాగని టైరును అసిటోన్‌తో తడిపి ముద్ద చేయకూడదు. రబ్బరు పరీక్షించే ప్రయోగశాలల్లో ఒక రబ్బరులో ఎంత నూనె, ఎంత మైనం, ఎంత రక్షక రసాయనం ఉందో తెలుసుకోవాలంటే దాన్ని సన్నగా తరిగి గంటల తరబడి వేడి అసిటోన్‌తో కడుగుతారు. రబ్బరు వల మిగులుతుంది, ఆ నూనె, మైనం, రక్షక రసాయనాలు అసిటోన్‌లోకి వచ్చేస్తాయి. మనం దూదితో చేసేదీ అదే పని, చిన్న ఎత్తున.

ఆ రక్షక రసాయనాలు పోతే వచ్చే నష్టం పేరు ఓజోన్. నేలమట్టపు గాలిలో అది ఉండేది వంద కోట్లకు కొన్ని పదుల పాళ్లే. కానీ సహజ రబ్బరు అణువులో ప్రతి కడియం దగ్గరా ఒక జంట బంధం ఉంటుంది. గంధకం వంతెనలకు వాటిలో కొన్నే ఖర్చవుతాయి, మిగతావన్నీ తెరుచుకునే ఉంటాయి. ఓజోన్ వెతుక్కుంటూ వచ్చి తెంచేది ఆ జంట బంధాలనే. రబ్బరు సాగి ఉన్న చోట తెగిన అణువులు దూరం జరిగి చీలిక తెరుచుకుంటుంది, ఆ చీలిక అడుగున కొత్త రబ్బరు ఓజోన్‌కు దొరుకుతుంది. అందుకే పాత టైర్ల పక్కల్లో పగుళ్లు ఎప్పుడూ లాగుడుకు అడ్డంగా వస్తాయి. దీన్ని ఆపడానికి టైరు రబ్బరులో మైనం కలుపుతారు. అది నెమ్మదిగా పైకి ఊరి కంటికి కనబడని పొరగా పరుచుకుంటుంది. దానికి తోడు ఓజోన్‌ను రబ్బరు కన్నా ముందే పట్టుకుని తానే ఖర్చయ్యే 6పీపీడీ లాంటి పదార్థాలుంటాయి. వాడకుండా ఉంచిన టైరు గోధుమరంగుకు తిరగడం వీటి పనే, మురికి కాదు. ఈ 6పీపీడీ ఓజోన్‌తో కలిసి తయారయ్యే పదార్థం వానకు కొట్టుకుపోయి అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రపు వాగుల్లో కోహో సాల్మన్ చేపలను చంపుతోందని 2020లో శాస్త్రజ్ఞులు బయటపెట్టారు. టైరుకు గొడుగు పట్టే మందు చేపకు విషమైంది. దానికి ప్రత్యామ్నాయం వెతికే పని ఈనాటికీ సాగుతోంది.

టైరులోని రక్షక రసాయనాలు వీలైనంత మిగలాలి కనుక అసిటోన్ వాడే పద్ధతి ఇలా ఉండాలి. ముందు స్పిరిట్‌తో ప్రయత్నించాలి. దానికి లొంగకపోతే చిన్న గుడ్డముక్క కొసకు మాత్రం అసిటోన్ తడి చేసి, అక్షరం మీదే నాలుగైదు సార్లు తుడిచి, గుడ్డను తిప్పి, శుభ్రమైన భాగంతో మళ్లీ తుడవాలి. ద్రవం నిలవకూడదు. నిమిషంలో రంగు కదలకపోతే అది రెండో రకం అక్షరమన్న మాట. ఇంకో గంట రుద్దినా పోయేది మైనమే, అక్షరం కాదు. చక్రాన్ని సైకిలు నుంచి తీసి పని చేయడం మంచిది. ఫ్రేము రంగు మీద చుక్క పడితే మరక మిగులుతుంది, పాలికార్బొనేట్ కళ్లద్దాలు, హెల్మెట్ పైడొప్ప లాంటి వాటి మీద పడితే సన్నటి బీటలు వస్తాయి. కిటికీలు తెరిచి, పొయ్యికీ అగ్గిపుల్లకూ దూరంగా చేయాలి. అసిటోన్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది.

ద్రవాలకు లొంగని అక్షరాన్ని గరుకు కాగితంతో రుద్దేద్దామని చాలామందికి తోస్తుంది. అది పోతుంది కూడా. కానీ ఆ పలుచటి పొర కింద ఏముందో ఒక లెక్క వేసి చూద్దాం. 35 మిల్లీమీటర్ల వెడల్పు టైరులో చదరపు అంగుళానికి 60 పౌండ్ల గాలి కొట్టామనుకోండి. గొట్టం గోడ మీద పడే లాగుడు ఒత్తిడిని వ్యాసార్ధంతో గుణిస్తే వస్తుంది. ఈ టైరుకు అది సెంటీమీటరుకు సుమారు ఏడు కిలోల బరువు వేలాడదీసినంత. టైరు చుట్టూ ప్రతి సెంటీమీటరు దగ్గరా, నిలబడి ఉన్నప్పుడు కూడా, ఆ లాగుడు ఉంటుంది. అదంతా మోసేది నైలాన్ పోగులు. గరుకు కాగితం పోగును తాకి కొన్ని పీచులు తెంపిందంటే పక్కవాటి మీద బరువు పెరుగుతుంది. కొన్నాళ్లకు అక్కడ టైరు బుడగలా ఉబ్బుతుంది. ఆ తర్వాత పగిలేది ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. ముందు చక్రానిదైతే పడేది నేరుగా ముఖం మీదే.

రుద్ది తీరాలంటే లేబుల్ మందంగా మిట్టగా ఉన్నప్పుడే, 400 నంబరు కన్నా నునుపైన, నీళ్లతో వాడే గరుకు కాగితంతో, తడి చేస్తూ, చేతి ఒత్తిడి తప్ప ఏ యంత్రమూ వాడకుండా చేయాలి. పోగుల గళ్లు లీలగా కనబడటం మొదలైన క్షణమే ఆపేయాలి, అప్పటికే కొంచెం ఆలస్యమైనట్టు. రోడ్డు రేసు టైర్ల మీద, పక్కలు లేత గోధుమరంగులో పలుచగా ఉండే టైర్ల మీద అసలు మొదలుపెట్టకూడదు. ఇంత చేసినా మిగిలేది నల్లటి టైరు కాదు, బూడిదరంగు మచ్చ. గరుకైన తలం వెలుగును అన్ని వైపులా చెదరగొడుతుంది కాబట్టి నలుపు కూడా పాలిపోయినట్టు కనిపిస్తుంది. అక్షరం ఆకారంలో మచ్చ మిగిలితే దూరం నుంచి ఆ పేరు ఇంకా చదవొచ్చు.

అచ్చు అక్షరాల జోలికి అసలు వెళ్లొద్దు. 40-635 అంటే టైరు వెడల్పు 40 మిల్లీమీటర్లు, రిమ్ములో అంచు కూర్చునే చోట వ్యాసం 635 మిల్లీమీటర్లు. 28 అంగుళాల పేరుతోనే 622 మిల్లీమీటర్ల టైర్లు కూడా ఉన్నాయి, ఒకదాని రిమ్ముకు ఇంకొకటి పట్టదు. గాలి ఎంతవరకు కొట్టొచ్చో, టైరు ఏ వైపుకు తిరగాలో చెప్పేవి కూడా ఈ అక్షరాలే. కొత్త టైరు కొనే రోజున మేస్త్రీ చూసేది బ్రాండు పేరును కాదు, ఈ అంకెలను.

నా మటుకు నేను తీయడం కన్నా కప్పడాన్నే సమర్థిస్తాను. టైరులోంచి ఏదీ పోదు, నచ్చకపోతే ఆపేయొచ్చు. కానీ దేనితో కప్పాలనేదానిలో కూడా శాస్త్రం ఉంది. నల్ల మార్కర్ పెన్ను అందరికీ ముందు తోచేది. మామూలు మార్కర్‌లో ఉండేది రంగు అద్దకం. దాని అణువులు ఎండకు విరిగిపోతాయి, కొన్ని వారాలకు నలుపు కాస్తా ఊదా రంగుకు తిరుగుతుంది. పెయింట్ మార్కర్‌లో ఉండేది పొడి, అందులోనూ మసి పొడి అయితే ఎండకు చెక్కుచెదరదు. గేటుకు వేసే ఎనామెల్ రంగు టైరు మీద నిలవదు. దాదాపు 2.2 మీటర్ల చుట్టుకొలత ఉన్న చక్రం కిలోమీటరుకు 450 సార్లు తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ టైరు పక్కభాగం నేల దగ్గర ఒకసారి వంగి లేస్తుంది. పది కిలోమీటర్లకు నాలుగు వేలకు పైగా వంపులు. సహజ రబ్బరు గాజులా గట్టిపడాలంటే సున్నాకు కింద 70 డిగ్రీల చలి కావాలి, ఎనామెల్ మామూలు వేడిలోనే బిరుసుగా ఉంటుంది. మొదటి వారంలోనే పెచ్చులు లేస్తుంది. రబ్బరుతో కలిసి సాగే రంగు కావాలి. టైర్ల కోసమే అమ్మే పెయింట్ పెన్నులు, బట్ట మీద వేసే సాగే అక్రిలిక్ రంగులు మేలు.

అంటుకోవడం ఇంకో చిక్కు. పైకి ఊరిన మైనం మీద ఏ రంగూ నిలవదు. పంక్చర్ వేసేటప్పుడు మేస్త్రీ చేసేది గమనించండి. ట్యూబును ముందు గరుకు రేకుతో గీకుతాడు, దులుపుతాడు, సొల్యూషన్ పలుచగా రాసి ఆరనిస్తాడు, ఆ తర్వాతే ముక్క అంటిస్తాడు. గీకడంతో పాత పొర పోయి తాజా రబ్బరు బయటపడుతుంది. రంగు వేసేవాళ్లు కూడా సబ్బునీళ్లతో కడిగి, ఆరాక స్పిరిట్‌తో ఒకసారి తుడిచి, పలుచటి పూతలు రెండు మూడు వేయాలి. ఒకే మందపు పూత పగులుతుంది. బూటు పాలిష్ రాసేవాళ్లున్నారు. చూడ్డానికి బాగానే ఉంటుంది, రెండు వానలకు పోతుంది, పోయేలోపు ప్యాంటు అంచులకు అంటుతుంది.

ఇంతవరకు అక్షరాల మాట. మెరిసే పట్టీ దగ్గరికి వచ్చేసరికి నేను వేరే మనిషిని. దాన్ని ఉండనివ్వమనే చెబుతాను, ఎందుకో వివరంగా చెబుతాను.

మన దగ్గర అందరూ రేడియం అనే ఈ పట్టీ తనంతట తాను వెలగదు. చీకట్లో ఉంటే చీకటే. సెల్‌ఫోన్ టార్చిని కంటి పక్కన, చెంపకు ఆనించి పట్టుకుని నాలుగు గజాల దూరం నుంచి టైరు మీదికి వేయండి. బూడిదరంగు గీత ఒక్కసారి తెల్లగా భగ్గుమంటుంది. ఇప్పుడు టార్చిని అలాగే వెలిగించి ఉంచి చేతిని బారెడు పక్కకు జరపండి. భగ్గుమన్న గీత మళ్లీ బూడిదరంగుకు దిగిపోతుంది. వెలుగు ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే తిరిగి పోతోందన్న మాట. అద్దం ఈ పని చేయదు, అది వెలుగును ఎదుటి పక్కకు పంపేస్తుంది. గోడ అన్ని వైపులా చల్లుతుంది. ఈ పట్టీ మాత్రం ఇచ్చినవాడికే ఇచ్చేస్తుంది. కారు హెడ్‌లైటుకూ డ్రైవరు కంటికీ మధ్య దూరం తక్కువ కాబట్టి వెలుగు ఆయన కంటికి చేరుతుంది.

ఈ పని చేసేవి గాజు పూసలు. భూతద్దం పెట్టి చూస్తే పట్టీ ఉపరితలం సన్నటి ఇసుక పరిచినట్టు కనిపిస్తుంది. ఒక్కో పూస మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు, కాస్త అటూ ఇటూగా ఉంటుంది. పూసల వెనక పలుచటి అల్యూమినియం పొర. వెలుగు పూసలోకి ప్రవేశిస్తూ వంగి, వెనక గోడ దగ్గర ఒకచోటికి చేరి, అల్యూమినియం మీద తగిలి, వచ్చిన దారినే వెనక్కి పోతుంది. ఇక్కడ గాజు రకం ముఖ్యం. మామూలు కిటికీ గాజు వక్రీభవన గుణకం 1.5. ఆ గాజుతో పూస చేస్తే కిరణాలు కలిసే చోటు పూస దాటి, దాని వ్యాసార్ధంలో సగం దూరంలో పడుతుంది. గుణకం 2 అయితే సరిగ్గా వెనక గోడ మీదే పడుతుంది. అందుకని ఈ పూసలను 1.9 దగ్గర గుణకం ఉండే ప్రత్యేకమైన గాజుతో చేస్తారు. రోడ్ల మీది గుర్తు బోర్డుల కోసం 3ఎం కంపెనీ 1939లో తెచ్చిన స్కాచ్‌లైట్ ఈ సూత్రం మీద నడిచిందే.

పూసల తలలు గాలికి తెరుచుకుని ఉండే రకం పట్టీకి ఇంకో సున్నితం ఉంది. పైన గాలి బదులు నీరు ఉంటే గాజుకూ బయటికీ తేడా తగ్గి వెలుగు తక్కువగా వంగుతుంది, కలిసే చోటు వెనక గోడను దాటి దూరం పోతుంది. వానలో పట్టీ మందగించడానికి కారణం ఇదే. టైరు తళతళలాడాలని రాసే సిలికాన్ పాలిష్ కూడా ఇలాగే దెబ్బతీస్తుంది. అది నీళ్లంత స్వచ్ఛంగా ఉంటుంది, పగలు పట్టీ మీద ఉందో లేదో తెలియదు, రాత్రి పట్టీ పని చేయదు. ఆ పాలిష్ జారి రిమ్ము మీద పడితే బ్రేకు పట్టు కూడా పోతుంది. పట్టీ మీద నల్ల మార్కర్ పూత వేసినవాళ్ల లెక్క ఇంకా కఠినం. వెలుగు ఆ పూతను లోపలికి పోతూ ఒకసారి, బయటికి వస్తూ ఒకసారి దాటాలి. పూత నూటికి ముప్పై పాళ్లను పోనిస్తుందనుకుంటే తిరిగి వచ్చేది తొమ్మిది పాళ్లే.

ఈ పట్టీ ఎవరికి కనబడాలో చూడండి. సైకిలు వెనక ఎర్ర రిఫ్లెక్టరు వెనక బండికి, ముందు తెల్లది ఎదురు బండికి. రోడ్డు దాటుతున్నప్పుడు సైకిలు పక్క నుంచి కనబడుతుంది, ఆ రెండూ అప్పుడు దేనికీ పనికిరావు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు సాగుతుంది. వంద మీటర్ల దూరంలో ఉన్న కారు ఆరు సెకన్లలో మీ దగ్గర ఉంటుంది. అందులో డ్రైవరు చూసి, గుర్తుపట్టి, కాలు బ్రేకు మీదికి తేవాలి. గుర్తుపట్టడంలోనే టైరు పట్టీ గొప్పతనం ఉంది. దూరాన ఒక చుక్క మెరిస్తే అది మైలురాయో, గేటు మీది బిళ్లో, పిల్లి కళ్లో తెలియదు. పక్కపక్కన రెండు పెద్ద వలయాలు మెరిస్తే ఆలోచించే పని లేదు, అది సైకిలే. ఎటు పోతోందో కూడా తెలుస్తుంది.

జర్మనీ రోడ్డు చట్టం పక్క నుంచి కనబడటం కోసం సైకిలుకు కొన్ని దారులు చూపింది. చక్రానికి కనీసం రెండు పసుపు రిఫ్లెక్టర్లు ఉండాలి, లేదా టైరు చుట్టూ గానీ రిమ్ము చుట్టూ గానీ తెగకుండా సాగే తెల్లటి మెరిసే పట్టీ ఉండాలి, లేదా స్పోకులన్నీ మెరిసేవై ఉండాలి. యూరప్ నుంచి వచ్చే ప్రయాణపు టైర్లలో చాలావాటికి పట్టీ ఉండటానికి మూలం ఇదే. మన దేశంలోనూ సైకిలు రిఫ్లెక్టర్ల నాణ్యత మీద కేంద్రం 2020లో ప్రత్యేక ఉత్తర్వు ఇచ్చింది. అర్ధరాత్రి డ్యూటీ దిగి హైవే పక్కనే ఇంటికి తొక్కుకుంటూ పోయే వాచ్‌మన్‌కు, తెల్లవారుజామున పాలక్యాన్లతో రోడ్డెక్కే మనిషికి ఆ వలయాలు ఎంత అవసరమో తలచుకుంటే, ఉన్న పట్టీని అందం కోసం గీకేయడం నాకు బాధ కలిగిస్తుంది.

ఫొటోల కోసం తీయాలనుకునేవాళ్లకు ఒక మాట. ఫ్లాష్ వేసి తీసిన ఫొటోలో టైరు గీత తెల్లగా మండిపోయి మిగతా సైకిలంతా చీకట్లో పడుతుంది, నిజమే. ఫోన్లో ఫ్లాష్ లెన్సు పక్కనే ఉండటం దీనికి కారణం. ఫ్లాష్ ఆపి, వేరే దీపాన్ని రెండు గజాలు పక్కన పెట్టి తీయండి. వెలుగు దీపం వైపే తిరిగి పోతుంది, కెమెరాకు బూడిదరంగు గీత మాత్రమే దొరుకుతుంది. పైసా ఖర్చు లేదు, టైరుకు గీత పడదు.

ఇంత విన్నాక కూడా పట్టీ వద్దనిపిస్తే కొనేటప్పుడే పట్టీ లేని టైరు అడగండి. చాలా కంపెనీలు ఒకే టైరును రెండు విధాలా చేస్తాయి. అప్పుడు స్పోకులకు పసుపు రిఫ్లెక్టర్లు బిగించుకోండి, లేదా స్పోకుల మీద తొడిగే సన్నటి మెరిసే గొట్టాలు దొరుకుతాయి, అవి పగలు పెద్దగా కనబడవు.

అక్షరాలను విజయవంతంగా తుడిచేసినవాళ్లు ఇంకో చిన్న పని చేయాలి. అలవాటున్న మేస్త్రీ టైరు ఎక్కించేటప్పుడు దాని పేరును వాల్వుకు సరిగ్గా ఎదురుగా వచ్చేలా పెడతాడు. పంక్చరైనప్పుడు ట్యూబు బయటికి తీసి, చిల్లి వాల్వు నుంచి ఎంత దూరంలో ఉందో కొలిచి, పేరు నుంచి అంతే దూరంలో టైరులో వేలు పెడితే తుమ్మముల్లు అక్కడే దొరుకుతుంది. ఆ ముల్లు తీయకుండా ట్యూబు ఎక్కిస్తే అర కిలోమీటరు పోకముందే మళ్లీ గాలి దిగుతుంది. పేరు పోయిన టైరుకు ఈ ఆనవాలు ఉండదు. వాల్వుకు ఎదురుగా, రిమ్ము అంచును ఆనుకుని, పెయింట్ పెన్నుతో ఒక చిన్న తెల్ల చుక్క పెట్టుకుంటే చాలు.